కుళాయిల దగ్గర బల్ల

ఆ డిపోలో చివరి బస్సు అనేది లేదు. అన్ని బస్సులూ వచ్చేశాక, గేటు మూసే ముందు వచ్చేదాన్ని ఇంటి బస్సు అంటారు. డ్రైవరు డ్యూటీలో ఆఖరున తిప్పేది ఇంటి ట్రిప్పు. కొత్తగా చేరినవాడెవడైనా నోరు జారి "ఇదే నా చివరి ట్రిప్పు" అన్నాడో, పక్కనున్న డ్రైవరు వాడి వీపు మీద ఒక్కటి చరుస్తాడు. చక్రం పట్టే మనిషి ముందు చావు వాసన తగిలే మాట ఏదీ ఎత్తకూడదు. ఈ సంగతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు గానీ మేనేజరు మాట కన్నా గట్టిగా నడుస్తుంది.

అలాంటి డిపోకి అవయవదానం బల్ల వచ్చింది. మూడు రోజులు ఉంటుందన్నారు. ఒక డాక్టరమ్మ, ఒక నర్సు, ఒక కట్ట కాగితాలు. మేనేజరు మర్యాద తెలిసిన మనిషి కాబట్టి బల్లని అందరికీ కనపడే చోట వేయించాడు. గేటు పక్కన, డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు తాళంచెవి తీసుకునే కిటికీకి సరిగ్గా ఎదురుగా.

మొదటి రోజు తెల్లారీ తెల్లారకముందే హారన్ బాబాయి వచ్చి తాళంచెవి తీసుకున్నాడు. వెనక్కి తిరిగితే ఎదురుగా బల్ల. బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద ఎర్రని గుండె బొమ్మ. ఆయన తాళంచెవిని జేబులోకి తోసి, చెవులు రెండూ మూసుకుని, గోడవారగా నడుచుకుంటూ వెళ్ళి బండెక్కాడు. అవసరం ఉన్నా లేకపోయినా హారన్ కొడతాడని ఆయనకా పేరు వచ్చింది. ఆ రోజు గేటు దాటేదాకా ఆపకుండా కొట్టాడు.

ఆయన బండికి కండక్టరు మూగబెల్లు. ఆ అమ్మాయి అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. చేరిన మొదటి వారంలో ఆమె స్టాపు పేరు చెబితే మూడో సీటు దాటి వినపడలేదు. దాంతో హారన్ బాబాయి ఆ పేరు పెట్టేశాడు. "నాకు హారన్ ఎక్కువ, దీనికి బెల్లు తక్కువ, ఇద్దరం కలిస్తే ఒక బస్సు" అని అందరికీ చెప్పుకునేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. కోపం వచ్చినా నవ్వి ఊరుకోవడమే ఆమెకు తెలిసిన పని.

ఆ బల్లని చూసి ఆమె మాత్రం భయపడలేదు. ఆమె రూట్లో ఆసుపత్రి స్టాపు ఉంది. రోజు మార్చి రోజు ఒక దర్జీ అక్కడికి టికెట్ తీసుకుంటాడు. ఎడమ చేతికి కట్టు, మెడలో తీయడం మరిచిపోయిన కొలతల టేపు. కిడ్నీలు పనిచేయడం మానేశాయి, మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని వస్తాడు. వెళ్ళేటప్పుడు కబుర్లు చెబుతాడు, వచ్చేటప్పుడు కిటికీకి తల ఆనించి పడుకుంటాడు. ఒకసారి ఆమె చిల్లర ఇస్తుంటే, "వరసలో ఉన్నానమ్మా. ఆ వరస కదలాలంటే ఎవరో ఒకరు ముందే ఇస్తానని అనుకుని ఉండాలి. అనుకునేవాళ్ళే తక్కువ" అన్నాడు. జాలి కోసం అనలేదు. బస్సు లేటైందన్నంత మామూలుగా అన్నాడు. జవాబు చెప్పలేని మాటలు ఆమె చాలా విన్నది, అన్నీ మరిచిపోయింది. ఇదొక్కటి మాత్రం కంట్లో నలకలా ఉండిపోయింది.

అందుకని మొదటి రోజే, డ్యూటీ ఎక్కే ముందు బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం నింపేసింది. తీరా చూస్తే కింద ఇంకో సంతకానికి చోటుంది. అక్కడ దగ్గరి బంధువు సంతకం పెట్టాలని నర్సు చెప్పింది. "రేపు ఆ సమయం వస్తే అడిగేది మిమ్మల్ని కాదు కదమ్మా, మీవాళ్ళనే. వాళ్ళు కాదంటే ఇది ఉత్త కాగితం."

ఆమెకు దగ్గరి బంధువంటే ఒక్కడే. తల్లి ఆమె బడికెళ్ళే రోజుల్లోనే పోయింది. మిగిలింది నాన్న. డిపోలో అందరికీ ఆయన పెద్ద డ్రైవరు. వయసులోనూ పెద్ద, మాట చెల్లుబాటులోనూ పెద్ద. అసలు ఆయన మాట్లాడేదే తక్కువ గనక, మాట్లాడితే చెల్లకుండా ఎలా ఉంటుంది? మాటల పొదుపు ఆమెకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. ఆ ఇంట్లో ఇద్దరున్నా తాళం వేసినట్టే ఉంటుందని పక్కింటివాళ్ళు అనేవాళ్ళు.

అదే సమయానికి ఆయన కిటికీ దగ్గర తాళంచెవి తీసుకుంటున్నాడు. మళ్ళీ ధైర్యం వస్తుందో రాదో అని ఆమె గబగబా వెళ్ళి కాగితం ముందు పెట్టింది.

"నాన్నా, నేను పోయాక నా కళ్ళూ కిడ్నీలూ..."

ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. కాగితం వంక చూడలేదు. తాళంచెవిని పిడికిట్లో బిగించి, "బండి టైమైంది" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజూ, మర్నాడూ ఆయన ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. ఆమె చెప్పులు తెగి ఉంటే కుట్టించుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. మాట మాత్రం లేదు. మామూలుగా అయితే ఆ ఇంట్లో మౌనాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇది అలాంటి మౌనం కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. మూడో రోజు గడిచి బల్ల వెళ్ళిపోయిందంటే, ఆ మాట మళ్ళీ ఎత్తే ధైర్యం తనకు ఈ జన్మలో రాదు. సంచిలో టికెట్ మిషను పక్కన, ఒక సంతకం తక్కువైన కాగితం రోజంతా ఊరు తిరిగి వస్తోంది.

రెండో రోజుకి డిపోలో బల్ల సంగతే పెద్ద చర్చ అయింది. డాక్టరమ్మ బల్ల వెనక ఒక అట్ట నిలబెట్టి ఎవరెంతమంది రాశారో గీతలు గీసింది. కండక్టర్ల గీత నిచ్చెన వేసినట్టు పైకెళ్ళింది. డ్రైవర్ల గీత దోమ వాలినంత ఉంది. ఆ దోమ కూడా ఎవరంటే, కళ్ళ పరీక్ష అనుకుని వచ్చి సంతకం పెట్టి, కళ్ళజోడు ఎప్పుడిస్తారని అడిగిన ఒక అమాయకుడు. ఆ డిపోలో కండక్టర్లు దాదాపు అందరూ ఆడవాళ్ళు, వయసులో చిన్నవాళ్ళు. డ్రైవర్లు అందరూ మగవాళ్ళు, సగం మందికి తల నెరిసింది. ఎక్కడ బల్ల వేసినా ఇంతేనని డాక్టరమ్మ మేనేజరుతో చెప్పింది. తను చూసినంతలో ఆడవాళ్ళు ముందుకొస్తారట, మగవాళ్ళు పక్కకు తప్పుకుంటారట. కుర్రవాళ్ళు రాస్తారట, పెద్దవాళ్ళు మావెవరికి కావాలంటారట. ఆవిడ తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది.

వినే వాళ్ళు ఊరుకుంటారా? ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం తేల్చారు. డ్రైవర్లకు చదువు తక్కువని మేనేజరు అన్నాడు. మగవాళ్ళకి పిరికితనం ఎక్కువని కండక్టర్లన్నారు. వాళ్ళలో పెద్దది చిల్లరక్క. చిల్లర తేని ప్రయాణికుణ్ణి ఆవిడ తిట్టిన తిట్లు విని జనం మర్నాడు ఇంట్లో పైసలు దాచే డబ్బా పగలగొట్టుకుని ఎక్కేవాళ్ళు. ఆవిడ క్యాష్ కౌంటరు క్యూలో నిలబడి అందరికీ వినపడేట్టు అన్నది:

"గుండె ఇవ్వాలంటే ముందు ఉండాలి కదమ్మా."

హారన్ బాబాయి దూరం నుంచే అందుకున్నాడు. "మా గుండెలు మీ గొంతులు విని ఎప్పుడో ఆగిపోయాయి తల్లీ. ఆగినవి పనికిరావట."

మంచి చేద్దామని మధ్యలోకి దూరింది గ్రీజు మామ. గ్యారేజీ మెకానిక్కు. తుక్కుకి పోయే బస్సులోంచి పనికొచ్చే సామాను ఊడదీసి తిరిగే బస్సుకి బిగించడం ఆయన చేతి పని. ఇంతకన్నా మంచి పోలిక ఇంకేముందనుకున్నాడో ఏమో, డ్రైవర్లందరూ టీ తాగుతుంటే వెళ్ళి, "ఇందులో భయమేముందిరా, తుక్కు బండికి గేరుబాక్సు తీయడం లాంటిదే" అన్నాడు. టీ గ్లాసులు ఆగిపోయాయి. "అంటే మేం తుక్కా?" అని ఒకడు లేచాడు. "నీ స్పానర్లతో మమ్మల్ని విప్పుతావా?" అని ఇంకొకడు. పాపం, ఆ తర్వాత ఒక్క డ్రైవరూ ఆయన్ని తన బండి ముట్టుకోనివ్వలేదు. బ్రేకు చూడమని వేరేవాళ్ళని పిలిచారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ నిర్ణయం చెప్పేసింది. రేపు మధ్యాహ్నందాకా ఉండి, బల్లని కాలేజీకి మార్చేస్తారు. అక్కడ పిల్లలు ఉత్సాహంగా రాస్తారు. ఇష్టం లేని వాళ్ళని బలవంతం చేయడం పద్ధతి కాదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ మాట మూగబెల్లుకి గుచ్చుకుంది. డ్రైవర్లు ఇవ్వరు అని గీత గీసి తీసుకెళ్ళిపోతున్నారు. ఆ గీతలో తన నాన్న కూడా ఉన్నాడు.

గేటు దగ్గరి కుళాయిలో నీళ్ళు రాకపోవడంతో సీసా పట్టుకుని ఆమె వెనక్కి, గ్యారేజీ వైపు వెళ్ళింది. అది డ్రైవర్ల రాజ్యం. బస్సులు తిరిగొచ్చాక చుట్టూ తిరిగి వెనక నుంచే లోపలికొస్తాయి. డ్రైవర్లు తాళంచెవిని అక్కడి చెక్క మీది కొక్కేనికి తగిలించి, వరసగా ఉన్న కుళాయిల కింద కూర్చుని స్నానం చేసి, వెనక గేటు నుంచే ఇంటికి పోతారు. ఎండ, పొగ, ప్రయాణికుల శాపనార్థాలు అన్నీ ఆ నీళ్ళతో కడుక్కుని గానీ గడప దాటరు.

గోడ అవతల హారన్ బాబాయి గొంతు గణగణలాడుతోంది. తను పోతే మోయడానికి పొట్టివాళ్ళెవరూ రాకూడదని చెబుతున్నాడు. ఒక పక్క వంగితే తనకి తల తిరుగుతుందట. ఇంకో డ్రైవరు తనని దూరం తీసుకెళ్ళొద్దని, జీవితమంతా దూరాలే తిరిగానని అంటున్నాడు. "నువ్వు పోతే మీ ఆవిడ ఏడుస్తుందంటావా?" అని ఎవరో అడిగితే, "ఏడుస్తుంది గానీ హారన్ బాధ పోయిందని మధ్యలో నవ్వొస్తుంది" అని బాబాయే జవాబు చెప్పాడు. సబ్బు నురగల మధ్య పగలబడి నవ్వుతున్నారు.

సీసా నిండి నీళ్ళు చేతి మీద నుంచి కారిపోతున్నా ఆమె అలాగే నిలబడిపోయింది. నిన్న పొద్దున గుండె బొమ్మ చూసి చెవులు మూసుకున్న మనిషి ఈయనేనా? వీళ్ళకి చావంటే భయమని ఎవరన్నారు? వీళ్ళు చావుతో రోజూ సాయంత్రం స్నానం చేస్తారు. వీళ్ళకి పడనిదల్లా తాళంచెవి చేతిలో ఉండగా దాన్ని తలుచుకోవడం. కండక్టర్లు డ్యూటీ దిగాక క్యాష్ కట్టడానికి బల్ల ఎదురుగానే క్యూలో నిలబడతారు, కాళ్ళు లాగుతుంటే వెళ్ళి కుర్చీలో కూర్చుని రాస్తారు. డ్రైవర్లు ఆ బల్లని డ్యూటీ ఎక్కేటప్పుడు తప్ప చూడనే చూడరు. తనూ అంతే చేసింది. నాన్న చేతిలో తాళంచెవి ఉండగా అడిగింది.

మర్నాడు ఆమె పొద్దుటి డ్యూటీ దిగి వచ్చేసరికి నర్సు కాగితాలు సర్దుతోంది. డాక్టరమ్మ అట్టని మడుస్తోంది. మూగబెల్లు వెళ్ళి బల్ల ముందు నిలబడింది. దారంతా కూడదీసుకున్న మాటలన్నీ ఏ స్టాపులోనో దిగిపోయాయి. డాక్టరమ్మ ఓపికగా, నాన్నగారు ఒప్పుకున్నారా అని అడిగింది. లేదని తల ఊపింది. పోనీలెమ్మా, తొందరేమీ లేదు, ఇంకెప్పుడైనా రేపు పొద్దున్నో ఎల్లుండి పొద్దున్నో మెల్లగా అడగమని ఆవిడ సముదాయించింది.

"పొద్దున కాదండీ" అంది మూగబెల్లు. "పొద్దునే తప్పు."

ఆ రెండు మాటలు బయటపడ్డాక మిగతావి వాటి వెనక తోసుకుంటూ వచ్చాయి. తాళంచెవి సంగతి, ఇంటి బస్సు సంగతి, కుళాయిల సంగతి. అరవై మందిని ఎక్కించుకోబోయే మనిషిని నువ్వు పోతే ఏమిస్తావని అడిగితే ఆయన పారిపోక ఏం చేస్తాడండీ అని అడిగింది. డాక్టరమ్మ మడుస్తున్న అట్టని చేతిలో అలాగే ఉంచుకుని వింది. ఆపరేషనుకు వెళ్ళే ముందు మా వాళ్ళు కూడా కొన్ని మాటలు ఎత్తరులే అని మెల్లగా అంది. అయినా మధ్యాహ్నం కాలేజీవాళ్ళకి మాటిచ్చాం కదా అని నర్సు గుర్తు చేసింది.

మూగబెల్లు వంగి బల్ల ఒక కొస పట్టుకుని లాగింది. బల్ల కిర్రుమంటూ రెండడుగులు జరిగింది. గుండె బొమ్మ గుడ్డ జారిపోతే నర్సు పట్టుకుంది. క్యాష్ కౌంటరు క్యూలో ఉన్న చిల్లరక్క ఇది చూసి, కిటికీ దాకా వచ్చిన తన వంతు వదులుకుని వచ్చి రెండో కొస అందుకుంది. ఆ డిపోలో అంతకన్నా పెద్ద త్యాగం ఎవరూ ఎరగరు. "ఎక్కడికే?" అంది. "కుళాయిల దగ్గరికి." "పద." డాక్టరమ్మ నవ్వేసి కాలేజీకి ఫోన్ చేసింది, రేపు వస్తామని.

గ్యారేజీలో అందరూ వెలేసిన గ్రీజు మామ బల్ల కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి కదలకుండా నిలబెట్టాడు. ఈసారి మాత్రం ఏ పోలికా చెప్పకు మామా అని చిల్లరక్క చేతులెత్తి దండం పెట్టింది. తాళాల కొక్కేలు ఇటు, కుళాయిలు అటు, మధ్యలో బల్ల. స్నానం చేసిన మనిషి తల తుడుచుకుంటూ నడిస్తే సరిగ్గా దాని మీదకే వస్తాడు.

ముందుగా వచ్చింది హారన్ బాబాయే. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి, భుజాన తువ్వాలు. బల్లని చూసి ఆగాడు.

"ఇదేంటే, ఇక్కడికీ నడిచొచ్చిందా?"

"తాళం తగిలించేశావా బాబాయ్?" అంది మూగబెల్లు.

"ఆఁ."

"రేపు పొద్దున దాకా బండి లేదు కదా?"

"లేదు."

"అయితే కూర్చో."

ఆయన కొక్కెం వైపు ఒకసారి తిరిగి చూశాడు. తాళంచెవి అక్కడే వేలాడుతోంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. తీసుకున్నాక మనిషిని ఎలా ఇస్తారు, మొహం చూపించడానికి బాగుంటుందా, ఇంట్లోవాళ్ళకి ఖర్చేమైనా పడుతుందా. కుట్లు వేసి శుభ్రంగా అప్పగిస్తారని, పైసా అడగరని డాక్టరమ్మ ఒక్కొక్కదానికీ చెప్పింది. ఆయన గొంతు తగ్గించి, తాగుడు ఒకప్పుడు ఉండేదని, ఇప్పుడు మానేశానని, లివరు చూసి నవ్వుతారేమోనని అడిగాడు. ఏది పనికొస్తుందో అప్పటి డాక్టర్లు చూసుకుంటారు, మీరు ఇస్తానంటే చాలని ఆవిడ అంది.

"మరి నా హారన్?"

"అది మాత్రం మీతోనే పంపిస్తాం" అంది డాక్టరమ్మ.

కుళాయిల దగ్గర పెద్ద నవ్వు. ఆ నవ్వుకి ఇంకో నలుగురు వచ్చారు. సంతకం పెట్టి కాగితం ఇంటికి పట్టుకెళ్ళి భార్యతో పెట్టించుకొస్తానని ఒకడు, మా అన్న ఇక్కడే గ్యారేజీలో ఉన్నాడని పిలుచుకొచ్చినవాడు ఒకడు. వయసు మీరిందని ఒక నెరిసిన తలాయన వెనక్కి తగ్గబోతే, మీరే ముందే తీర్పు చెప్పేసుకోకండి అని డాక్టరమ్మ కూర్చోబెట్టింది. అసలు ఇన్నాళ్ళూ మమ్మల్ని అడిగిందెవరని ఆయన మళ్ళీ ఆవిడకే ఎదురు తిరిగాడు. బస్సులు ఒక్కొక్కటే వస్తున్నాయి, తాళాలు ఒక్కొక్కటే కొక్కేలకు చేరుతున్నాయి, కుర్చీ ఖాళీ అవడం లేదు. నర్సు అట్టని మళ్ళీ నిలబెట్టి దోమ మీద గీత గీయడం మొదలుపెట్టింది. అది కండక్టర్ల గీతని అందుకుంటుంటే చిల్లరక్క చూసి, "ఇప్పుడే మా వాళ్ళలో మిగతా నలుగుర్నీ లాక్కొస్తా, వీళ్ళని దాటనిస్తానా" అంది. కంట్లో నీళ్ళు తిరిగినా గొంతు మాత్రం తగ్గించలేదు.

మూగబెల్లు మాత్రం వెనక గేటు వైపే చూస్తోంది. నాన్న బండి ఇంకా రాలేదు. దూరపు రూటు. పొద్దు వాలింది. కాగితాలు అడుగంటుతున్నాయి. డాక్టరమ్మ డ్రైవరు వచ్చి, వెళ్దామా అని రెండుసార్లు అడిగాడు. ఇంకొక్క బస్సు చూద్దామని ఆవిడే అంది.

వచ్చింది. ఆయన బండిని గీత గీసినట్టు ఆపాడు. టైర్లు తట్టి చూశాడు. తాళంచెవి తగిలించాడు. బల్లనీ, దాని చుట్టూ మూగిన తనవాళ్ళనీ చూశాడు. వెళ్ళి కుళాయి కింద కూర్చున్నాడు. పెద్ద డ్రైవరు స్నానం అంటే మామూలు స్నానం కాదు, బస్సుని కడిగినట్టే. ఎవరూ పిలవలేదు. హారన్ బాబాయి కూడా నోరు మూసుకునే ఉన్నాడంటే సంగతి అర్థం చేసుకోవచ్చు.

తల తుడుచుకుని, చొక్కా బొత్తాలు అన్నీ పెట్టుకుని, ఆయన కూతురి దగ్గరికి వచ్చాడు.

"ఏదీ, ఆ కాగితం."

ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది. మూడు రోజులు తిరిగి దాని అంచులు నలిగిపోయాయి.

"కోపం వచ్చిందనుకున్నావా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

"చేతిలో తాళం ఉంది. బండి నిండా జనం. నువ్వు పోయాక అని మొదలుపెట్టావు. ఆ మాట తలలో పెట్టుకుని మలుపు ఎలా తిప్పేది?" ఆయన గొంతు సర్దుకున్నాడు. "నా చావైతే విని ఊరుకునేవాణ్ణి. నీది విన్నాను."

"మరి ఇంట్లో చెప్పొచ్చు కదా నాన్నా."

"నువ్వు అడగలేదు."

"నువ్వు మాట్లాడలేదు."

"బాగానే ఉంది. ఇద్దరికీ కలిపి దేవుడు ఒక్క నోరే ఇచ్చినట్టున్నాడు."

ఆయన కుర్చీలో కూర్చుని కాగితమంతా చదివాడు. డ్యూటీ కాగితం మీద పెట్టినట్టే, అక్షరం అక్షరం కనపడేలా సంతకం పెట్టాడు. ఆమె గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. అంతటితో అయిపోయిందనుకుంది. ఆయన లేవలేదు.

"నాకూ ఒకటి ఇవ్వండమ్మా" అన్నాడు డాక్టరమ్మతో. "ఉంటేనే."

కాగితం నింపాడు, తన చోట సంతకం పెట్టాడు. కింద ఖాళీగా ఉన్న చోటు మీద వేలు పెట్టి కాగితాన్ని కూతురి వైపు తిప్పాడు. దగ్గరి బంధువు. ఆయనకీ ఒక్కతే.

మూగబెల్లు పెన్ను తీసుకుంది. తీసుకున్నాక చెయ్యి కదలలేదు. తన కాగితం మీద చకచకా రాసేసిన చెయ్యే అది. ఇక్కడ సంతకం పెట్టాలంటే, నాన్న లేని ఒక రోజుని కళ్ళారా చూసి, ఆ రోజు ఎవరో వచ్చి అడిగితే తను సరేనని అనాలి. ఆ పొద్దున గేటు దగ్గర నాన్న మొహం ఎందుకలా అయిందో ఆమెకు ఇప్పుడు పూర్తిగా తెలిసింది. కళ్ళ ముందు అక్షరాలు అలుక్కుపోయాయి. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"తొందరేం లేదు" అన్నాడు ఆయన. "నేను ఇక్కడే ఉన్నాను కదా."

ఆ మాటకి ఆమెకు ఏడుపుతోపాటు నవ్వూ వచ్చింది. ముక్కు తుడుచుకుని సంతకం పెట్టేసింది. కొంచెం వంకర పోయింది గానీ చెల్లుతుందని డాక్టరమ్మ అంది. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న హారన్ బాబాయి పక్కనున్న బస్సులోకి వంగి, తాళం లేకపోయినా మోగే ఆ ఒక్క దాన్నీ గట్టిగా, పొడుగ్గా నొక్కాడు. డిపో అంతా అదిరింది. మేనేజరు ఏమైందోనని పరుగెత్తుకొచ్చి, డ్రైవర్లందరూ వరసలో నిలబడి ఉండటం చూసి, అట్ట చూసి, తనూ వరసలో ఆఖరున నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ మూగబెల్లు రెండు చేతులూ పట్టుకుని, వచ్చే వారం ఇంకో డిపోకి వెళ్తున్నామని, కుళాయిలు ఎక్కడున్నాయో ముందు కనుక్కుంటానని చెప్పింది.

తండ్రీ కూతుళ్ళు నడిచి ఇంటికి బయలుదేరారు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. రెండు వీధులు దాటారు. ఉన్నట్టుండి ఆయన అన్నాడు:

"నా కళ్ళు మాత్రం ఎవరైనా డ్రైవరుకే ఇమ్మని చెప్పు."

"అలా అడగకూడదట నాన్నా."

"ఏం? ఇంత దారి చూసిన కళ్ళు. తీసుకెళ్ళి కండక్టరుకి పెడితే చిల్లర లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాయి."

"మరి నా కళ్ళు డ్రైవరుకి పెడితేనో?"

ఆయన కాస్త ఆలోచించాడు. "టికెట్ లేనివాణ్ణి అద్దంలోంచే పట్టేస్తాడు."

ఆమె పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వడం మొదలుపెట్టాక కిడ్నీల గురించి ఒకటి, లివరు గురించి ఒకటి గుర్తొచ్చి ఆయన ఆపలేకపోయాడు. నడవలేక తమ వీధి మొదట్లోనే ఒక గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ నవ్వు ఎవరిదా అని వీధిలో ఇద్దరు ముగ్గురు తలుపులు తీసి చూశారు. చూసి నమ్మలేక, లోపలున్నవాళ్ళని కూడా పిలిచారు.